అణువును చేతిలో పట్టుకుని తిప్పినట్టు - ప్రోటియోపీడియా పరిచయం



హిమోగ్లోబిన్ గురించి ఐదు మార్కుల ప్రశ్న వస్తే మనలో రాయలేనివారు ఎవరూ ఉండరు. నాలుగు గొలుసులు, నాలుగు హీమ్‌లు, ఒక్కొక్క హీమ్ మధ్యలో ఒక ఇనుప అయాన్, ఆక్సిజన్‌ను మోయడం దాని పని. బొమ్మ కూడా వేస్తాం. నాలుగు వంకర గుండ్రాలు గీసి, రెండింటికి ఆల్ఫా, రెండింటికి బీటా అని పేర్లు పెడతాం. హాస్టల్‌కు వైద్య శిబిరం వచ్చినప్పుడు నర్సమ్మ వేలు గుచ్చి "హెచ్‌బి తొమ్మిదే ఉంది, ఐరన్ మాత్రలు వేసుకో" అంటే, ఆ తొమ్మిది ఏమిటో కూడా మనకు తెలుసు.

కానీ పోయినేడు మా జువాలజీ మేడం తరగతిలో ఒక ప్రశ్న అడిగారు. "ఆ ఇనుము గొలుసు బయట ఉంటుందా, లోపల ఉంటుందా? లోపల ఉంటే ఆక్సిజన్ లోపలికి ఎట్లా పోతుంది?" క్లాసు మొత్తం నిశ్శబ్దం. పుస్తకంలో బొమ్మ ఉంది, గైడులో జవాబు ఉంది, కానీ ఆ ప్రశ్నకు రెండింటిలోనూ సమాధానం లేదు. ఎందుకంటే కాగితానికి లోపల, బయట ఉండవు. ఆ సాయంత్రం మేడం మమ్మల్ని కాలేజీ కంప్యూటర్ ల్యాబుకు తీసుకెళ్ళి ప్రోటియోపీడియా తెరిచి చూపించారు. దాని గురించే ఈ వ్యాసం. రాసింది ఒక్కరు కాదు, బైపీసీ, బీజెడ్‌సీ చదివే మేము ఆరుగురం కలిసి రాస్తున్నాం. కాబట్టి ఎక్కడైనా చేతిరాతలు మారినట్టు అనిపిస్తే మన్నించగలరు.

ఏమిటీ ప్రోటియోపీడియా?

వికీపీడియా అందరికీ తెలిసిందే. ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు, అందరూ ఉచితంగా చదువుకోవచ్చు. తెలుగులో కూడా 2003 డిసెంబరు నుంచి వికీపీడియా ఉంది. ప్రోటియోపీడియా కూడా అదే పద్ధతిలో నడిచే విజ్ఞాన సర్వస్వం. కాకపోతే ఇందులో ఊళ్ళు, రాజులు, సినిమాలు ఉండవు. ప్రోటీన్లు, డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ, వాటికి అంటుకునే మందులు, ఇలా జీవకణంలో పనిచేసే అణువులు మాత్రమే ఉంటాయి. ప్రతి పేజీలో ఒక పక్క రాత, ఇంకో పక్క త్రిమితీయమైన అణువు బొమ్మ ఉంటాయి. ఆ బొమ్మను మౌసుతో పట్టుకుని ఎటు కావాలంటే అటు తిప్పవచ్చు, దగ్గరకు లాక్కోవచ్చు, వెనక్కి నెట్టవచ్చు.

దీనిని 2007లో ఇజ్రాయెల్‌లోని రెహోవోత్ పట్టణంలో ఉన్న వైజ్‌మన్ విజ్ఞాన సంస్థలో ప్రారంభించారు. ఎరాన్ హోడిస్, హైమే ప్రిలుస్కీ, జోయెల్ సస్‌మన్ మొదలైనవారు దీని వెనుక ఉన్నారు. అమెరికాలోని మసాచుసెట్స్‌కు చెందిన ఎరిక్ మార్ట్జ్ అనే ప్రొఫెసరు కూడా మొదటి నుంచీ ఇందులో ఉన్నారు. 2008లో దీనిని పరిచయం చేస్తూ వచ్చిన శాస్త్ర వ్యాసంలో మొదటి పేరు హోడిస్‌ది. అప్పటికి ఆయన విద్యార్థే. ఈ సంగతి మాకు బాగా నచ్చింది కనుక ఇక్కడ చెబుతున్నాం. 2009లో మన దేశంలో పుట్టిన వెంకట్రామన్ రామకృష్ణన్‌తో, థామస్ స్టైట్జ్‌తో కలిసి రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి పంచుకున్న అదా యోనాత్ పనిచేసేది కూడా ఈ వైజ్‌మన్ సంస్థలోనే.

ఆకారమే పని

ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాల దండ. ఇరవై రకాల పూలతో కట్టిన దండ అనుకోండి. ఏ పువ్వు తర్వాత ఏ పువ్వు రావాలో మన జన్యువులో రాసి ఉంటుంది. కానీ ఈ దండ పొడవుగా వేలాడుతూ ఉండదు. తనంతట తాను ముడుచుకుని ఒక ఉండ అవుతుంది. మనం దారాన్ని గుప్పిట్లో నలిపితే ఒక్కోసారి ఒక్కో రకంగా చిక్కు పడుతుంది. ప్రోటీన్ అట్లా కాదు. ఒకే వరుస ఉన్న దండ ప్రతిసారీ దాదాపు ఒకే ఆకారంలోకి ముడుచుకుంటుంది. ఆ ఆకారంలో ఒకచోట గుంట, ఒకచోట గట్టు, ఒకచోట సందు ఏర్పడతాయి. ఆ గుంటలో ఏది పడుతుందో దానితోనే ఆ ప్రోటీన్ పనిచేస్తుంది. మనం తాళం, తాళంచెవి సిద్ధాంతం అని బట్టీ పట్టేది దీని గురించే.

ఈ ఆకారాన్ని కళ్ళతో చూడటం కుదరదు. హిమోగ్లోబిన్ అణువులను పక్కపక్కన పేరిస్తే ఒక మిల్లీమీటరులో లక్షన్నరకు పైగా పడతాయి. కాబట్టి ప్రోటీన్‌ను స్ఫటికంగా మార్చి, దాని మీదికి ఎక్స్ కిరణాలు పంపి, అవి చెదిరిన తీరును బట్టి లెక్కలు కట్టి ఆకారాన్ని తెలుసుకున్నారు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో మాక్స్ పెరుట్జ్ హిమోగ్లోబిన్ మీద 1937లో పని మొదలుపెడితే దాని ఆకారం దొరికేసరికి ఇరవై రెండేళ్ళు పట్టింది. ఆయన సహచరుడు జాన్ కెండ్రూ 1958లో మయోగ్లోబిన్ ఆకారాన్ని మొదటిసారి చూపించారు. ఆ తర్వాత మరింత వివరంగా నమూనా కట్టడానికి దాదాపు 2,500 ఇనుప కడ్డీలను నిలబెట్టి, వాటికి రంగు రంగుల క్లిప్పులు తగిలించారట. ఆ నమూనా ఒక గదిలో మనిషి ఎత్తున అడవిలా నిలబడింది. దానిని చూడాలంటే కేంబ్రిడ్జికి వెళ్ళాలి. ఇద్దరికీ కలిపి 1962లో నోబెల్ వచ్చింది.

మన దక్షిణాదికి కూడా ఇందులో పెద్ద వాటా ఉంది. మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్ 1950లలో గోపీనాథ్ కర్తాతో కలిసి మన చర్మంలో, ఎముకల్లో ఉండే కొల్లాజెన్ మూడు పేటల జడలా ఉంటుందని చెప్పారు. 1963లో రామకృష్ణన్, శశిశేఖరన్ అనే సహచరులతో కలిసి, ప్రోటీన్ దండ ఏయే కోణాల్లో వంగగలదో, ఏయే కోణాల్లో వంగలేదో చూపే పటాన్ని వేశారు. ఈనాటికీ ప్రపంచంలో ఎవరు కొత్త ప్రోటీన్ ఆకారం కనుక్కున్నా, అది సరిగ్గా ఉందో లేదో ఈ రామచంద్రన్ పటంలో పెట్టి చూసుకుంటారు. మన ఇంటర్ పుస్తకంలో ఆయన పేరు ఇంకొంచెం పెద్ద అక్షరాల్లో ఉంటే బాగుండేదని మా అభిప్రాయం.

ఇలా దొరికిన ఆకారాలన్నింటినీ దాచడానికి 1971లో ప్రోటీన్ డేటా బ్యాంకు మొదలైంది. అప్పుడు అందులో ఉన్నవి ఏడంటే ఏడు. 2014 నాటికి లక్ష దాటాయి. 2023 మొదట్లో రెండు లక్షలు దాటాయి. ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. అయితే చిక్కు ఇక్కడే ఉంది. ఆ బ్యాంకు నుంచి ఒక ఫైలు దించి మేము నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూశాం. ఒక్కో పరమాణువుకు ఒక్కో వరుస. వరుసలో మూడు అంకెలు, అది ఎంత దూరంలో, ఎంత ఎత్తున, ఎంత లోతున ఉందో. ఇలాంటి వరుసలు వేలకు వేలు. కరెంటు బిల్లుల రిజిస్టరు చదివినట్టుంది. ఆ అంకెలను బొమ్మగా మార్చే సాఫ్ట్‌వేర్లు 1990ల నుంచీ ఉన్నా, వాటిని వాడటం నేర్చుకోవాలి. బొమ్మ వచ్చాక అందులో ఎక్కడ చూడాలో చెప్పేవారు ఉండాలి. పరిశోధన వ్యాసంలో "నూట ముప్పై రెండవ అమైనో ఆమ్లం పక్కన ఉన్న సందులో" అని రాస్తే, చదివేవాడికి ఆ సందు ఎక్కడుందో తెలియదు. రాత ఒకచోట, ఆకారం ఇంకోచోట. ప్రోటియోపీడియా చేసిన పని ఈ రెండింటినీ పక్కపక్కన కూర్చోబెట్టడం.

ఆకుపచ్చ మాటలు

ప్రోటియోపీడియా పేజీలో కొన్ని మాటలు ఆకుపచ్చ రంగులో ఉంటాయి. మామూలుగా వేరే రంగు మాట మీద నొక్కితే ఇంకో పేజీకి పోతాం కదా, ఇక్కడ అట్లా కాదు. పేజీ కదలదు, పక్కనున్న అణువు కదులుతుంది. రాతలో "హీమ్" అనే ఆకుపచ్చ మాట నొక్కితే మొత్తం గొలుసులు వెలిసిపోయినట్టయి హీమ్ ఒక్కటే మెరుస్తూ ముందుకు వస్తుంది. పక్క వాక్యంలో ఇంకో మాట నొక్కితే హీమ్‌ను పట్టుకుని ఉన్న హిస్టిడిన్ కనిపిస్తుంది. మాస్టారు బోర్డు మీద కర్ర పెట్టి "ఇదిగో ఇక్కడ చూడు" అన్నట్టు, రాసినవారే మన వేలు పట్టుకుని చూపిస్తున్నట్టు ఉంటుంది. ఇలాంటి దృశ్యాలు తయారు చేయడానికి కంప్యూటర్ ప్రోగ్రామింగ్ తెలియనక్కర లేదు. బటన్లు నొక్కి రంగులు, ఆకారాలు ఎంచుకుని దాచుకుంటే చాలు.

మేడం అడిగిన ప్రశ్నకు జవాబు ఇలాగే దొరికింది. హిమోగ్లోబిన్‌లో మొత్తం 574 అమైనో ఆమ్లాలు ఉన్నాయి. ఆల్ఫా గొలుసుకు 141, బీటా గొలుసుకు 146, ఒక్కొక్కటి రెండేసి చొప్పున. ప్రతి గొలుసులోనూ హీమ్ ఒక గుంటలో దూరి ఉంటుంది, పళ్ళెం ఒరలో దోపినట్టు. దాని ఒక అంచు మాత్రం బయటి వైపు ఉంటుంది. ఇనుము ఆ పళ్ళెం నడుమ ఉంది. అంటే ఇనుము లోపలే ఉంది. ఆక్సిజన్ రాకముందు ఇనుము పళ్ళెం మట్టానికి కొంచెం పక్కకు ఉంటుంది. ఆక్సిజన్ వచ్చి కూర్చోగానే మట్టంలోకి జరుగుతుంది. జరిగేది మీటరులో వెయ్యి కోట్ల వంతులు చేస్తే అందులో సగం వంతు కూడా కాదు. కానీ ఆ ఇనుముకు కట్టి ఉన్న హిస్టిడిన్ కదులుతుంది, దానికి కట్టి ఉన్న గొలుసు కదులుతుంది, చివరకు అణువులో ఒక సగం ఇంకో సగం మీద దాదాపు పదిహేను డిగ్రీలు తిరుగుతుంది. దాంతో మిగతా గొలుసులకు ఆక్సిజన్ పట్టుకోవడం సులువవుతుంది. మనం గ్రాఫులో గీసే ఎస్ ఆకారపు గీతకు కారణం ఇదే. ఆ గీతను మేము రెండేళ్ళుగా గీస్తున్నాం. అది ఎందుకు వంకరగా ఉంటుందో ఆ రోజే తెలిసింది.

మా హాస్టల్లో ఏజెన్సీ ప్రాంతం నుంచి వచ్చిన మిత్రులు ఉన్నారు. వారికి సికిల్ సెల్ అనే మాట కొత్త కాదు. ఆదిలాబాద్, భద్రాచలం వైపు, ఇటు ఆంధ్ర ఏజెన్సీలోనూ ఈ జబ్బు ఉంది. 2023 జూలైలో కేంద్ర ప్రభుత్వం దీని నిర్మూలన కోసం జాతీయ కార్యక్రమం కూడా మొదలుపెట్టింది. బీటా గొలుసులో ఆరవ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలిన్ పడటమే ఈ జబ్బుకు మూలమని పుస్తకంలో ఒక్క వాక్యం ఉంటుంది. 146లో ఒక్కటి మారితే మనిషి ఎందుకు కీళ్ళ నొప్పులతో మెలికలు తిరగాలి? ప్రోటియోపీడియాలో 2హెచ్‌బీఎస్ అనే కోడు ఉన్న నిర్మాణం తెరిస్తే తెలుస్తుంది. అందులో రెండు హిమోగ్లోబిన్లు పక్కపక్కన ఉంటాయి. ఒకదాని మీద బయటికి పొడుచుకు వచ్చిన వాలిన్, పక్కదాని మీద ఉన్న చిన్న గుంటలో సరిగ్గా దూరి ఉంటుంది. నీళ్ళంటే పడని వాలిన్‌కు నీళ్ళంటే పడని గుంట దొరికింది. అలా ఒకదానికొకటి తగులుకుంటూ పోతే పొడవాటి కడ్డీలు అవుతాయి. కడ్డీలు గుండ్రని ఎర్ర కణాన్ని సాగదీసి కొడవలిలా చేస్తాయి. ఒక్కొక్క ఎర్ర కణంలో దాదాపు 27 కోట్ల హిమోగ్లోబిన్లు ఉంటాయి కనుక కడ్డీలకు కొదవ లేదు. ఆక్సిజన్ ఉన్నప్పుడు ఆ గుంట వాలిన్‌కు సరిగ్గా అందదు. అందుకే ఆక్సిజన్ వదిలేసిన రక్తంలోనే ఈ చిక్కు వస్తుంది. ఆ తెర ముందు నిలబడి మా మిత్రుడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వాళ్ళ అక్కకు ఈ జబ్బు ఉంది.

పత్తి చేను మందు, లోతైన లోయ

ఇంకో పేజీ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. అది ఎసిటైల్‌కోలిన్ ఎస్టరేజ్ అనే ఎంజైమ్‌ది. ప్రోటియోపీడియాను మొదలుపెట్టిన వారిలో ఒకరైన జోయెల్ సస్‌మన్, ఆయన సహచరుడు ఇజ్రాయెల్ సిల్మన్ తమ బృందంతో కలిసి 1991లో దీని ఆకారాన్ని కనుక్కున్నారు. దీని కోసం వారు వాడింది పసిఫిక్ సముద్రంలో దొరికే, కరెంటు షాకు కొట్టే ఒక రకం టేకు చేప. దాని విద్యుత్ అవయవంలో ఈ ఎంజైమ్ పుష్కలంగా ఉంటుంది.

మన నరం కండరానికి "ముడుచుకో" అని చెప్పాలంటే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని వదులుతుంది. చెప్పడం అయ్యాక ఆ రసాయనాన్ని వెంటనే తుడిచేయాలి. లేకపోతే కండరానికి ఆ మాట వినిపిస్తూనే ఉంటుంది. తుడిచేసేది ఈ ఎంజైమ్. ఒక్కొక్క ఎంజైమ్ అణువు సెకనుకు వేల సంఖ్యలో ఎసిటైల్‌కోలిన్లను విరగ్గొడుతుంది. ఇంత వేగంగా పనిచేసే ఎంజైమ్‌కు పని జరిగే చోటు పైనే, అందుబాటులో ఉంటుందని అందరూ అనుకుంటారు. ఆకారం చూస్తే అందుకు విరుద్ధంగా ఉంది. పని జరిగే చోటు ఒక ఇరుకైన లోయ అడుగున ఉంది. లోయ లోతు రెండు నానోమీటర్లు. దాని గోడల పొడవునా పద్నాలుగు అమైనో ఆమ్లాల వలయాలు బావి గోడకు రాళ్ళు పేర్చినట్టు ఉన్నాయి. అడుగున సీరిన్, హిస్టిడిన్, గ్లుటామేట్ అనే మూడు కలిసి పనిచేస్తాయి. తెర మీద ఆ లోయలోకి చూస్తూ కిందికి దిగిపోవచ్చు. మా ఊళ్ళో దిగుడుబావిలోకి తొంగి చూసినట్టే ఉంటుంది.

ఇక అసలు సంగతి. మన పత్తి చేలలో కొట్టే మోనోక్రోటోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేటు మందులు చేసే పని ఈ లోయ అడుగుకు దిగి, ఆ సీరిన్‌కు అంటుకుపోవడం. తాళంలో చెవి విరిగి ఇరుక్కున్నట్టు. పురుగుకూ ఈ ఎంజైమ్ ఉంది, మనిషికీ ఉంది. మందుకు ఆ తేడా తెలియదు. ప్రోటియోపీడియా పేజీల్లో, మామూలుగా ఉన్న ఎంజైమ్‌నూ, ఇలాంటి రసాయనాలు అంటుకున్న ఎంజైమ్‌నూ రెండింటినీ తిప్పి చూడవచ్చు.

మాలో ఒకరి నాన్న రెండేళ్ళ క్రితం ఎండలో పత్తికి మందు కొట్టి వచ్చి, సాయంత్రానికి నోటి నుంచి చొంగ కారుతూ, ఒళ్ళంతా చెమటలు పట్టి, కళ్ళు మసకబారి పడిపోయారు. మూతికి తువ్వాలు తప్ప చేతులకు తొడుగులు లేవు, కాళ్ళకు బూట్లు లేవు. వీపున పంపు కారుతోందని పొద్దున్నే తెలుసు, కానీ మబ్బు పడుతోంది, ఇయ్యాలే కొట్టాలి అనుకున్నారు. ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు గారు బట్టలు తీయించి ఒళ్ళు కడిగించారు. ఒక సూది తర్వాత ఒక సూది వేశారు. "అట్రోపిన్ పెడుతున్నాం, ప్యామ్ కూడా పెడుతున్నాం, ఇంత ఆలస్యం చేశారేం?" అన్నారు. నాలుగో రోజుకు లేచి కూర్చున్నారు. ఆ మాటలు మా మిత్రునికి గుర్తుండిపోయాయి, అర్థం మాత్రం ఈ పేజీ చూసినప్పుడే తెలిసింది. అట్రోపిన్ ఈ ఎంజైమ్ జోలికి పోదు. మిగిలిపోయిన ఎసిటైల్‌కోలిన్ గ్రంథులకూ గుండెకూ చెప్పే మాట వినపడకుండా అడ్డం నిలబడుతుంది. ప్యామ్ అనేది లోయలోకి దిగి, సీరిన్‌కు అంటుకున్న ఫాస్ఫేటును పీకేయడానికి చూస్తుంది. అయితే గంటలు గడిచేకొద్దీ ఆ అంటుకున్నదానిలో ఒక ముక్క ఊడిపోయి, మిగిలింది ఇక ఊడిరానంతగా బిగిసిపోతుంది. అప్పుడు ప్యామ్ వల్ల కాదు. డాక్టరు గారు ఆలస్యం గురించి ఎందుకు కోప్పడ్డారో మాకు అప్పుడు తెలిసింది.

సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మా మిత్రుడు ఫోనులో ఆ బొమ్మ తెరిచి నాన్నకు చూపించాడు. "ఇదా నా లోపల ఇరుక్కున్నది?" అని ఆయన అడిగారట. కూరగాయల మీద మోనోక్రోటోఫాస్ వాడకాన్ని మన దేశంలో 2005లోనే నిషేధించారు. ఆ సంగతి ఆయనకు తెలియదు, మాకూ తెలియదు.

ఇదే లోయ ఇంకొందరికి మేలు కూడా చేస్తుంది. ముసలితనంలో జ్ఞాపకం పోయే ఆల్జీమర్స్ జబ్బుకు ఇచ్చే డోనెపెజిల్ అనే మాత్ర ఈ లోయలోనే నిలువుగా ఇరుక్కుని, ఎంజైమ్‌ను కొంత నెమ్మదింపజేస్తుంది. తర్వాత వదిలి వెళ్ళిపోతుంది. అది ఎలా ఇరుక్కుంటుందో కూడా 1999లో వైజ్‌మన్ బృందమే చూపించింది.

ఎవరు రాస్తారు? ఎవరు నమ్మాలి?

ఎవరైనా రాయవచ్చంటే తప్పులు రావా అని మా వార్డెన్ సార్ అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ప్రోటియోపీడియాలో చదవడానికి ఖాతా అవసరం లేదు కానీ రాయాలంటే అసలు పేరుతో ఖాతా తీసుకోవాలి. మారు పేర్లు కుదరవు. ప్రతి పేజీ అడుగున ఆ పేజీకి చెయ్యి వేసిన వారందరి పేర్లు ఉంటాయి. తప్పు రాస్తే పేరు పోతుంది, మంచి పేజీ రాస్తే పేరు నిలుస్తుంది. పాత రూపాలన్నీ భద్రంగా ఉంటాయి కనుక ఎవరైనా చెడగొడితే వెనక్కి తేవచ్చు. ఇవన్నీ ఉన్నా తప్పులు అసలు ఉండవని కాదు. పేజీ చివర ఏ పరిశోధన వ్యాసాలను చూపించారో గమనించి చదవడం మంచిది.

ఇంకో మంచి ఏర్పాటు ఉంది. విద్యార్థులు సాధన చేసుకోవడానికి ఇసుక పెట్టెల వంటి పేజీలు ఇస్తారు. చిన్నప్పుడు ఇసుకలో అ, ఆలు దిద్దినట్టు అక్కడ రాసి, చెరిపి, మళ్ళీ రాయవచ్చు. విదేశాల్లో కొన్ని కాలేజీల్లో పరీక్ష పేపరు బదులు ఒక ప్రోటీన్ ఇచ్చి, నలుగురైదుగురు కలిసి దాని పేజీ తయారు చేయమంటారు. అమెరికాలో ఈ పద్ధతి బాగా ఉంది. అలా తయారైన పేజీల్లో బాగున్నవి అందరూ చదివే పేజీలుగా నిలిచిపోయాయి. అంటే అక్కడ డిగ్రీ చదివే పిల్లలు రాసిన పాఠాన్ని ఇక్కడ డిగ్రీ చదివే మేము చదువుతున్నాం. కొన్ని శాస్త్ర పత్రికలు కూడా తమ వ్యాసాలకు తోడుగా ప్రోటియోపీడియాలో తిప్పి చూసే బొమ్మల పేజీలను పెట్టించాయి. మొదట్లో ఒక సంస్థలోని కొద్దిమంది పనిగా ఉన్నది ఇలా తరగతి గదులకూ, పత్రికలకూ పాకింది.

మధ్యలో ఒక గండం కూడా గడిచింది. మొదట్లో ఈ బొమ్మలు తిరగడానికి కంప్యూటర్లో జావా ఉండాలి. 2010 తర్వాత బ్రౌజర్లు ఒక్కొక్కటిగా జావాను పక్కన పెట్టాయి. దానిని నమ్ముకున్న చదువుల వెబ్‌సైట్లు చాలా మూలన పడ్డాయి. ప్రోటియోపీడియా మాత్రం జావా అక్కర లేని జేఎస్‌మోల్ అనే కొత్త పద్ధతికి మారింది. ఆ మార్పు వల్లనే ఇవాళ అది ఫోనులోనూ తెరుచుకుంటోంది. కాలేజీ ల్యాబు తాళం పడ్డాక చదువుకునే మనలాంటివారికి అదే పెద్ద మేలు. 2020లో కరోనా వచ్చి హాస్టళ్ళన్నీ మూసేసినప్పుడు, ఆ వైరస్ ముళ్ళ ప్రోటీన్ ఎలా ఉందో చూపే పేజీలు కూడా అందులోకి వచ్చాయి.

లోపాలూ చెప్పాలి. ప్రోటీన్ డేటా బ్యాంకులో ఉన్న ప్రతి నిర్మాణానికీ ప్రోటియోపీడియాలో ఒక పేజీ దానంతటదే తయారవుతుంది. వారం వారం కొత్తవి చేరుతుంటాయి. వినడానికి బాగుంటుంది, కానీ అందులో చాలా పేజీల్లో బొమ్మ, పేరు, వ్యాసం సారాంశం తప్ప మనిషి కూర్చుని విడమరిచి రాసినది ఏమీ ఉండదు. చక్కగా రాసిన పేజీలు మొత్తంలో కొద్ది భాగమే. భాష కూడా ఎక్కువగా ఇంగ్లీషే, అదీ కాస్త కఠినమైన ఇంగ్లీషు. వేరే భాషల్లో రాసుకోవడానికి అవకాశం ఉంది, కొన్ని భాషల్లో కొన్ని పేజీలు వచ్చాయి కూడా. నెట్ నెమ్మదిగా ఉంటే పెద్ద అణువు తెరుచుకునేలోపు మన మెస్ గంట కొడుతుంది. ఇది మా అనుభవం.

ఇప్పుడు కంప్యూటరే ప్రోటీన్ ఆకారాన్ని ఊహించి చెబుతోంది కదా, ఇవన్నీ ఎందుకని కూడా ఒకరు అడిగారు. నిజమే. ఆల్ఫాఫోల్డ్ అనే కృత్రిమ మేధ 2022 నాటికి ఇరవై కోట్లకు పైగా ప్రోటీన్ల ఆకారాలను ఊహించి పెట్టింది. 2024లో రసాయన శాస్త్రపు నోబెల్‌లో సగం దాన్ని తయారు చేసిన డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు, మిగతా సగం కొత్త ప్రోటీన్లను రూపొందించిన డేవిడ్ బేకర్‌కు వచ్చింది. కానీ ఆకారాలు ఇరవై కోట్లయితే, "ఇదిగో ఇక్కడ చూడు, ఇందుకు చూడు" అని చెప్పేవారి అవసరం పెరుగుతుందే గాని తగ్గదని మేము అనుకుంటున్నాం. ఈ విషయంలో మా ఆరుగురిలో ఒకరు ఒప్పుకోలేదు. ఆ పని కూడా కంప్యూటరే చేస్తుందని అతని వాదన. చర్చ ఇంకా తేలలేదు.

మన సుబ్బారావు గారి అణువు

చివరగా ఒక పేజీ. భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి మన పాఠాల్లో చదివాం. ఆయన నాయకత్వంలో తయారైన మందుల నుంచే క్యాన్సర్‌కు, కీళ్ళవాతానికి వాడే మెథోట్రెక్సేట్ వచ్చింది. ఆయన 1948లో చనిపోయారు. ఆ మందు శరీరంలో ఏ ఎంజైమ్‌ను పట్టుకుంటుందో, ఎలా పట్టుకుంటుందో చూపే నిర్మాణం 1977లో వచ్చింది. అంటే తన చేతుల మీదుగా వచ్చిన అణువు ఎక్కడ కూర్చుంటుందో ఆయన కళ్ళతో చూడలేదు. 4డీఎఫ్ఆర్ అనే కోడు కొట్టి చూడండి. ఎంజైమ్ నడుమ ఉన్న చీలికలో మెథోట్రెక్సేట్ ఒదిగి కూర్చుని ఉంటుంది.

ఈ వ్యాసంలో చెప్పిన వాటిని చూడాలనుకునే మిత్రుల కోసం మేము స్టడీ హాలు గోడకు ఒక చార్టు అంటించాం. హిమోగ్లోబిన్‌కు 4హెచ్‌హెచ్‌బి, సికిల్ సెల్‌కు 2హెచ్‌బీఎస్, పత్తి మందు సంగతికి 2ఏసీఈ, సుబ్బారావు గారి మందుకు 4డీఎఫ్ఆర్. మొదటిసారి చూసేవారు హిమోగ్లోబిన్‌తో మొదలుపెట్టండి. ముందుగా బొమ్మ కింద ఉన్న తిరగడం ఆపే బటన్ నొక్కితే మన చేత్తో తిప్పుకోవచ్చు. ఎసిటైల్‌కోలిన్ ఎస్టరేజ్ పేజీని మాత్రం మేము తెలుగులో రాసుకుంటున్నాం. ప్రస్తుతానికి నోటు పుస్తకంలోనే ఉంది, లోయ దాకా వచ్చాం. "యాక్టివ్ సైట్"కు మంచి తెలుగు మాట ఏమిటని ఇంకా కొట్టుకుంటున్నాం. తోచినవారు మా ఏడో నంబరు గదికి వచ్చి చెప్పగలరు.